రేపటి బెజవాడకి బీజీఎం: భవిష్యత్తులో జరిగే యానిమేషన్ సినిమాకి ఇంట్లోనే సంగీతం చేసుకోవడం ఎలా

కథ భవిష్యత్తులో జరుగుతుంది అనగానే ఎవరి చెయ్యైనా ముందు సింథసైజర్ మీదకే పోతుంది. పోనివ్వండి, తప్పేం లేదు, కానీ అక్కడే ఆగిపోతే మాత్రం కష్టం. 1956లో లూయీ బారన్, బేబీ బారన్ దంపతులు ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమాకి మొత్తం ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతోనే సంగీతం చేశారు. అప్పటి జనానికి అది రేపటి శబ్దం, ఇప్పుడు మనం వింటే అచ్చంగా 1956 శబ్దం. ఇవాళ మీరు కొత్తగా ఉందని మురిసిపోతున్న సింథ్ ప్రీసెట్‌కి (అందులో ముందే తయారుచేసి పెట్టిన శబ్దానికి) కూడా పదేళ్ళు తిరక్కుండానే అదే గతి పడుతుంది. అందుకని నేను ఎవరికి చెప్పినా ముందు చెప్పే మాట ఒకటే: రేపటి ప్రపంచాన్ని నమ్మించేది కొత్త శబ్దం కాదు, ఆ ప్రపంచంలో ఇంకా మిగిలి ఉన్న పాత శబ్దం. కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

చేత్తో పట్టుకుని చెప్పడానికి ఒక కథ అనుకుందాం. 2190, బెజవాడ. ప్రకాశం బ్యారేజీ మీద మనుషుల్లేరు, 70 గేట్లకీ కాపలా ఒక్క ముసలి రోబో. గేట్లు చూసుకునే ఇరిగేషన్ వాళ్ళ లస్కర్ల పేరే దానికీ పెట్టారు, లస్కర్. ఒకరోజు సీతానగరం వైపు నుంచి ఒక పాప నడుచుకుంటూ వస్తుంది. ఎనిమిది నిమిషాల సినిమా, మాటలు చాలా తక్కువ, పిల్లలూ అమ్మమ్మలూ ఒకే గదిలో కూర్చుని చూడాలి. మీ కథ వేరే అయినా పద్ధతి ఇదే.

సరంజామా గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దీని మీద వారాలు తగలేసేవాళ్ళే ఎక్కువ. ఓ మాదిరి కంప్యూటర్, కంప్యూటర్‌కి తగిలించి వాయించే చిన్న మిడీ కీబోర్డు, హెడ్‌ఫోన్లు, ఫోను. రికార్డు చేసి మిక్స్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కి రీపర్ సరిపోతుంది, వీడియోని పక్కనే పెట్టుకుని పని చేసుకోవచ్చు, 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. సింథ్ కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ పూర్తిగా ఉచితం. ప్రాజెక్టు తెరవగానే రికార్డింగ్ నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టేయండి, వీడియో పనికి అదే వాడుక. ఇక అసలు పనిలోకి.

1. ముందు పాత శబ్దాన్ని ఎంచుకోండి

2008లో వచ్చిన ‘వాల్-ఈ’ని ఈసారి చెవులతో చూడండి. కథ 2805లో జరుగుతుంది, అయినా సినిమా మొదలయ్యేది అంతరిక్షం మీద వినిపించే ఒక పాత పాటతో, 1969 నాటి ‘హలో, డాలీ!’ అనే మ్యూజికల్‌లోది. చెత్త దిబ్బల మధ్య ఒంటరిగా ఉన్న ఆ రోబో దగ్గర ఆ సినిమా వీడియో టేపు ఉంటుంది, దాన్ని చూసే చెయ్యి పట్టుకోవడం అంటే ఏంటో నేర్చుకుంటుంది. థామస్ న్యూమన్ చేసిన నేపథ్య సంగీతం ఎంతో బాగుంటుంది, కానీ ఎనిమిది వందల ఏళ్ళ దూరాన్ని మనకి తెలిసేలా చేసింది మాత్రం అరిగిపోయిన ఆ టేపే. చివర్లో పీటర్ గేబ్రియల్ పాట ‘డౌన్ టు ఎర్త్’ సొవెటో గాస్పెల్ క్వైర్‌తో కలిసి వస్తుంది. అందులోనూ వినిపించేది మనుషుల గొంతులే కానీ లేజర్ల కుయ్ కుయ్ కాదు.

మరి మన లస్కర్ దగ్గర ఏముండాలి? ఈ చుట్టుపక్కల సరుక్కి కొదవ లేదు. 1948 నుంచి వినిపిస్తున్న విజయవాడ ఆకాశవాణి ఉంది. తెనాలి, గుంటూరు వైపు పౌరాణిక నాటకాల హార్మోనియం ఉంది, పద్యం ఎత్తుకునే ముందు ఆ పెట్టె మీద పలికే ఒక్క బిట్టు చాలు, పెద్దవాళ్ళు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు. బుర్రకథ తంబురా, గుమ్మెట ఉన్నాయి. నేనైతే జోలపాటకే ఓటేస్తాను. ‘జో అచ్యుతానంద’ వినని తెలుగిల్లు అరుదు, పైగా దాని వరస ఎంత సులువంటే రోబో బీప్‌లతో కూడా పలికించొచ్చు. పరీక్ష కూడా అదే: ఎంచుకున్న శబ్దాన్ని ఇంట్లో పెద్దావిడ మూడు సెకన్లలో పోల్చుకోవాలి, ఆరేళ్ళ పిల్లాడు ఒకసారి విని కూనిరాగం తియ్యగలగాలి.

హక్కుల సంగతి ఇప్పుడే తేల్చుకోండి, ఎడిటింగ్ అయ్యాక కాదు. మన కాపీరైట్ చట్టంలో రచనకీ స్వరానికీ కర్త పోయాక 60 ఏళ్ళ వరకూ రక్షణ ఉంటుంది, రికార్డింగ్‌కి అది విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్ళు. ‘జో అచ్యుతానంద’ రాసిన అన్నమయ్య 15వ శతాబ్దపు మనిషి కాబట్టి పాటతో పేచీ లేదు, కానీ నచ్చింది కదా అని ఎవరో గాయని పాడిన ఆల్బమ్‌ నుంచి ముక్క కోసి పెడితే రికార్డింగ్ హక్కుదారు ఊరుకోడు. మీరే పాడించుకోండి.

ఎవరి చేత అంటారా, ఇంట్లో అమ్మమ్మ చేతే. ఒక కిటుకు: ‘పాడు అమ్మమ్మా, రికార్డు చేస్తాను’ అంటే ఆవిడ గొంతు సవరించుకుని స్టేజీ మీద పాడినట్టు పాడుతుంది, అది పనికిరాదు. ఫోను ఆవిడ భుజానికి జానెడు దూరంలో దిండు మీద పెట్టేసి, ‘రెండో చరణం ఎలా వస్తుందీ?’ అని అడగండి, సగం గుర్తు తెచ్చుకుంటూ సగం మింగేస్తూ పాడుతుంది చూడండి, ఆ మింగేసిన ముక్కలతో సహా కావాలి మనకి. ఫ్యాను ఆపాలి. బెజవాడ మే నెలలో ఫ్యాను ఆపమంటే అమ్మమ్మ మిమ్మల్నే ఆపేస్తుంది కాబట్టి ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా డిసెంబరులో. ఫోన్ రికార్డర్ సెట్టింగుల్లో వేవ్ ఫార్మాట్ ఉంటే అది ఎంచుకోండి.

రికార్డయ్యాక ట్యూనర్ యాప్‌తో ఆవిడ శ్రుతి కనుక్కోండి. నాలుగు శ్రుతి, అంటే ఎఫ్ దగ్గర పాడిందనుకుందాం, కాస్త కిందికి కూడా ఉండొచ్చు. ఇక మీ సినిమా మొత్తానికీ అదే శ్రుతి. ఆవిడ గొంతుని ఆటోట్యూన్‌లో పెట్టి పాడుచేయకుండా, మీ సింథ్‌ల మాస్టర్ ట్యూనింగ్‌నే ఆవిడ దగ్గరికి జరపండి. నిమిషం పని, కానీ సినిమా అంతా ఆ ముసలి గొంతు చుట్టూ అల్లుకున్నట్టు వినిపిస్తుంది.

2. సంగీతం ఎక్కడ వద్దో రాసుకోండి

ఎడిటింగ్ ఖాయమయ్యాకే మొదలుపెట్టాలి. ‘కొంచెం మారుస్తాం అంతే’ అనే డైరెక్టర్ని నమ్మొద్దు, ఆయన మీ బావమరిదైనా సరే. ఖాయమైన వీడియోని ముందు ఏ సంగీతం లేకుండా చూసి, ఒక కాగితం మీద టైమ్‌కోడ్ (వీడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకనో) వేసుకుంటూ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎందుకు అన్నది రాయండి. ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా ఉంటే అక్కడ సంగీతం అక్కర్లేదు. మనవాళ్ళకి ఆర్ఆర్ (రీరికార్డింగ్, అదే నేపథ్య సంగీతం) అంటే మొదటి ఫ్రేము నుంచి ఆఖరి ఫ్రేము దాకా వాయించడమే అన్న అలవాటు బాగా ఉంది. ఎనిమిది నిమిషాల్లో మూడు నిమిషాలైనా ఖాళీ వదలండి. ముఖ్యంగా పాప మొదటిసారి లస్కర్ ముందు నిలబడినప్పుడు గాలి, కింద నీళ్ళు, అంతే.

ఈ దశలో చాలామంది ఏదో పెద్ద సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా పెట్టుకుని చూస్తారు. చూడండి, కానీ ఒక్కరోజులో తీసేయండి. నాలుగు రోజులు వింటే డైరెక్టరుకి అదే ఎక్కేస్తుంది, మీరు ఏం చేసినా ‘దాంట్లో ఉన్న ఫీల్ రావట్లేదు’ అంటాడు, ఆ టెన్షన్ మీకెందుకు.

3. రోబోకి నాలుగు స్వరాలు చాలు

ఇక్కడ మనకో అదృష్టం ఉంది. బెజవాడ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన, ఇక్కడి ఆకాశవాణిలో పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో రాగాలు కట్టారు. మహతి అంటే షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. మన ఎఫ్ శ్రుతిలో కీబోర్డు మీద ఎఫ్, ఏ, సీ, ఈ-ఫ్లాట్. వెస్ట్రన్ తెలిసినవాళ్ళు చూడగానే ఎఫ్ సెవెంత్ కార్డ్ అంటారు, నిజమే, అందుకే అది ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళాలని వెళ్ళలేక ఆగినట్టు ఉంటుంది. నూట యాభై ఏళ్ళుగా గేట్ల దగ్గరే ఆగిపోయిన రోబోకి ఇంతకంటే ఏం కావాలి? ఎండిపోయిన నదిని చూపించే సీన్ ఉంటే ఆయనదే లవంగి ప్రయత్నించండి: షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. గాంధారం, పంచమం లేకపోయేసరికి నేల కాళ్ళ కింద లేనట్టు ఉంటుంది. రాగం ఎవరి సొత్తూ కాదు. ఆయన ఆ రాగాల్లో కట్టిన కృతులు మాత్రం హక్కుల్లో ఉన్నవే, వరసలు ఎత్తుకురావద్దు.

లస్కర్ వరస ఆరేడు స్వరాల కంటే పొడుగు వద్దు. అదే వరస సినిమాలో నాలుగైదు సార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ వాద్యం మారాలి. మొదట ఇనుప శబ్దంతో, తర్వాత సింథ్‌తో, ఆఖర్న వీణ మీద. వీణ మనకి దూరం కూడా కాదు, నూజివీడులోనే చేస్తారు, పక్క వీధిలో నేర్పే మేడమ్ ఎవరో ఉండే ఉంటారు, అరగంట అడిగితే కాదనరు.

ఇప్పుడు అసలు మలుపు. జోలపాట ఒక్కో ఇంట్లో ఒక్కో వరసలో పాడతారు, మీ అమ్మమ్మ పాడిన దాన్ని జాగ్రత్తగా వినండి. అందులో కాకలి నిషాదం (కైశికి కంటే ఒక మెట్టు పైది) పలికితే, రోబో ఆ పాట నేర్చుకునే సీన్లో లస్కర్ వరసలోని నిషాదాన్ని ఒక్క మెట్టు పైకి జరపండి, ఈ-ఫ్లాట్ కాస్తా ఈ అవుతుంది. అంతవరకూ బిగుసుకుపోయి ఉన్నది సడలుతుంది. చూసేవాళ్ళకి ఏం మారిందో తెలియదు, మారిందని మాత్రం తెలుస్తుంది. ఒకవేళ ఆవిడ పాడిన వరసలో ఉన్నది కైశికి నిషాదమే అయితే దాన్ని కదపకండి, బదులుగా శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం చేర్చండి, ఖమాస్ రాగం వాసన వచ్చి మెత్తబడుతుంది.

4. తాళం లెక్క

బొమ్మల సినిమాలో కదలికలు ఫ్రేముల లెక్కన గీస్తారు కాబట్టి టెంపో గుడ్డిగా పెట్టకూడదు. 24 ఫ్రేముల సినిమాలో ఒక అడుగుకి 12 ఫ్రేములైతే నిమిషానికి 120 బీట్లు, 16 ఫ్రేములైతే 90, పరుగులో 8 ఫ్రేములైతే 180. అంటే నిమిషానికి ఉండే 1440 ఫ్రేముల్ని అడుగుకి పట్టే ఫ్రేముల సంఖ్యతో భాగించడమే. యానిమేటర్ని అడిగి అడుగు ఎన్ని ఫ్రేములో కనుక్కోండి, పాప నడక మీ తాళంలోకి దానంతటదే వచ్చేస్తుంది. లస్కర్‌కి ఒక చక్రం అరిగి కుంటుతుంది అనుకుంటే ఖండచాపు వేయండి, తక తకిట, రెండు మూడు, రెండు మూడు. కుంటడం బొమ్మలో పెద్దగా కనిపించకపోయినా చెవికి తెలుస్తుంది.

సీన్ మధ్యలో ఒక క్షణాన్ని పట్టుకోవాలంటే ఇలా చెయ్యండి. సంగీతం మొదలైన 18 సెకన్లకి లస్కర్ పాపని చూస్తుంది, ఆ చూపు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడాలి. టెంపో 100 పెడితే బీటుకి 0.6 సెకను, 18 సెకన్లకి 30 బీట్లు. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో 30 అంటే మూడు ఆవర్తనాలై (పూర్తి చుట్లై) ఇంకో ఆరు మిగిలిపోతాయి, చూపు మధ్యలో ఎక్కడో పడుతుంది. రెండు దారులు. టెంపోని 106.67కి పెంచితే సరిగ్గా 32 బీట్లు, నాలుగు ఆవర్తనాలు, అయిదోదాని సమం మీద చూపు. లేదా టెంపో 100లోనే ఉంచి తాళం మార్చండి, ఆరు దెబ్బల రూపకంలో 30 అంటే అయిదు ఆవర్తనాలు, అయిదు దెబ్బల ఖండచాపులో ఆరు. నేను ఎప్పుడూ రెండో దారికే వెళ్తాను, ఎందుకంటే యానిమేటర్ గీసిన నడక ఏ టెంపోలో ఉందో దాన్ని కదిపితే మిగతావన్నీ కదులుతాయి. అయితే ప్రతి కదలికకీ ఇలా టక్కున వాయిస్తే పాత కార్టూన్ అయిపోతుంది. సీన్‌కి ఒక్క క్షణం ఎంచుకోండి.

5. ఆటోనగర్‌లో ఆర్కెస్ట్రా

భవిష్యత్తు యంత్రాల శబ్దం కోసం ఇంటర్నెట్‌లో శాంపిల్ ప్యాకులు కొనేముందు ఒక ఉదయం ఆటోనగర్ వెళ్ళండి. లారీ బాడీ కట్టేచోట రేకు మీద సుత్తి పడితే ముందు ఠంగుమంటుంది, తర్వాత రేకు అంతా ఒక పొడుగాటి మూలుగు మూలుగుతుంది. ఆ మూలుగే మనక్కావలసింది. ఎయిర్ కంప్రెసర్ గాలి వదిలే బుస్సు, లేత్ మీద ఇనుము చుట్టలుగా లేచేటప్పటి కీచు, నట్టు సిమెంటు నేల మీద దొర్లి ఆగడం, ఇవన్నీ పట్టుకోండి. ఓనర్‌ని అడిగి, పనికి అడ్డం రాకుండా, ఒక్కో శబ్దాన్ని విడివిడిగా రికార్డు చేయండి, అన్నీ కలిపి కాదు. టీ ఇప్పిస్తే కుర్రాళ్ళు మీకోసం రేకుని నాలుగు రకాలుగా కొట్టి చూపిస్తారు, ఏది బాగా మోగుతుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

బ్యారేజీ మీద గాలి మీ ఫోన్ మైకుని బతకనివ్వదు. మైకుకి స్పాంజి తొడగండి, లేకపోతే పీజో బిళ్ళ ఒకటి కొని రికార్డరుకి తగిలించి రెయిలింగ్‌కి టేపుతో అంటించండి, అది గాలిని వినదు, ఇనుము అదురునే వింటుంది. రైలు వంతెన శబ్దం కావాలంటే ఒడ్డునుంచే తీసుకోండి, పట్టాల దగ్గరికి వెళ్ళే సాహసాలు వద్దు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చప్పుడు బాగుంటుందని వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట, ఘాటుకి చివరికి రికార్డయ్యేది మీ దగ్గులే.

ఇంటికొచ్చాక రేకు శబ్దాన్ని రీపర్‌లోని శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాన్ని కీబోర్డు మీద వాయించనిచ్చేది) వేసి సగం వేగంతో వినండి. నిడివి రెండింతలవుతుంది, శ్రుతి సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది, చిన్న రేకు కాస్తా బ్యారేజీ గేటంత అయిపోతుంది. దాన్ని మన ఎఫ్‌కి శ్రుతి చేసి కీబోర్డు మీద మహతి వాయించండి. అదే లస్కర్ గొంతు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి. రోబో బీప్‌లకి కూడా శ్రుతి ఉంటుంది. సౌండ్ చేసేవాళ్ళు ఒక శ్రుతిలో బీప్ పెట్టి, మీరు ఇంకో శ్రుతిలో సంగీతం పెడితే ఎక్కడో పంటికింద రాయిలా తగులుతుంది, ఏది తప్పో మాత్రం దొరకదు. సౌండ్ ఎఫెక్ట్స్ ఎవరు చేస్తున్నా ముందే కూర్చుని బీప్‌లన్నీ మీ నాలుగు స్వరాల్లోనే ఉండేలా మాట్లాడుకోండి. ‘వాల్-ఈ’కి సౌండ్ డిజైన్ చేసిన బెన్ బర్ట్ ఆ రోబోకి శబ్దాలతోనే ఒక భాష కట్టారు, అలాంటి చోట సంగీతం ఎంత పక్కకి తప్పుకుంటుందో గమనించండి.

6. మిక్సింగ్

మాట వచ్చేచోట సంగీతాన్ని మొత్తంగా తగ్గించేయకుండా, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త చెక్కండి, అక్షరాలు స్పష్టంగా వినిపించేది అక్కడే. అమ్మమ్మ పాటకి రివర్బ్ (గదిలో మోగే ప్రతిధ్వని) తక్కువ, లస్కర్‌కి ఎక్కువ. ఆవిడ దగ్గరగా, అది దూరంగా ఉండాలి. పాటని పాత రేడియోలోంచి వస్తున్నట్టు చేయాలంటే 300 హెర్ట్జ్ కింద, 3400 హెర్ట్జ్ పైన కోసేయండి, చివరి సీన్లో మెల్లగా ఆ కోత దానంతటదే తెరుచుకునేలా సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేషన్ గీత గీయండి. చేయగలిగింది ఒక్కటే అయితే ఇదొక్కటి చేయండి, రేడియోలో ఉన్న మనిషి గదిలోకి వచ్చేస్తుంది.

యూట్యూబ్‌కైతే లౌడ్‌నెస్ (మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర, పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. ఫెస్టివల్‌కి పంపుతుంటే వాళ్ళ కొలత అడగండి, వేరుగా ఉంటుంది. టీవీలో, ఇయర్‌ఫోన్లలో, ముఖ్యంగా ఫోన్ స్పీకర్లో వినండి. ఫోన్లో 200 హెర్ట్జ్ కిందివి దాదాపు వినిపించవు, మీరు కష్టపడి చేసిన గేటు మూలుగు మాయమైపోతుంది. దాన్ని కొంచెం డిస్టార్షన్‌లో పెడితే పై స్వరాలు పుట్టి చిన్న స్పీకర్లోనూ బతుకుతుంది.

ఎగుమతి చేసేటప్పుడు మాటలు, సంగీతం, ఎఫెక్టులు మూడూ విడివిడి ఫైళ్ళుగా ఇవ్వండి, అమ్మమ్మ పాట నాలుగో ఫైలు. రేపు ఎవరైనా హిందీలోకి డబ్ చేస్తామని వస్తే మాటల ఫైలు మార్చుకుని మిగతావి అలాగే వాడుకుంటారు. జోలపాటని కూడా హిందీలో పాడిస్తామంటారు, ఒప్పుకోకండి, అది తెలుగులోనే ఉండి కింద సబ్‌టైటిల్ పడితే చాలు.